క్షేత్ర పరికరాల నిద్ర, మేల్కొలుపు: విద్యుత్ నిర్వహణ – డేటా విశ్వసనీయత

పొలంలో అమర్చిన డేటా లాగర్ రోజులో అధిక భాగం నిద్రావస్థలోనే గడుపుతుంది. పదిహేను నిమిషాలకొకసారి మేల్కొని, నేల తేమనో గాలి ఉష్ణోగ్రతనో కొలిచి, మోడెమ్ ద్వారా పంపి, తిరిగి నిద్రిస్తుంది. పరికరాన్ని కొనేటప్పుడు సెన్సార్ ఖచ్చితత్వం గురించి విచారించినంతగా, అది ఏ విధంగా నిద్రిస్తుంది, ఏ విధంగా మేల్కొంటుంది అని మనం విచారించము. వరికి తడి ఎప్పుడు ఇవ్వాలి, పైపాటు యూరియా ఎప్పుడు వేయాలి, అగ్గితెగులు హెచ్చరిక ఎప్పుడు జారీ చేయాలి అన్న నిర్ణయాలు ఈ అంకెలపైన ఆధారపడినప్పుడు ఆ విచారణ తప్పనిసరి అవుతుంది.

ముందుగా బ్యాటరీ లెక్కను చూద్దాం. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సుమారు 84 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఒక వాట్ వినియోగించే లాగర్ నిరంతరం మేల్కొని ఉంటే మూడున్నర రోజులలో ఇది ఖాళీ అవుతుంది. అదే లాగర్ ప్రతి 15 నిమిషాలలో ఒక నిమిషం మాత్రమే పనిచేసి, మిగిలిన 14 నిమిషాలు 0.02 వాట్‌తో నిద్రిస్తే 41 రోజులు వస్తుంది. కానీ లాగర్ నిద్రించినా దానికి అనుసంధానించిన మోడెమ్ నిద్రించక 0.3 వాట్ తీసుకుంటూ ఉంటే ఆ 41 రోజులు పదికి లోపే ముగుస్తాయి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో జూలైలో ముసురు పట్టి సౌరఫలకం పనిచేయని వారాలలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. డేటా అత్యవసరమైన రోజులలోనే కేంద్రం మూగబోతుంది.

కనుక వ్యవస్థ నిద్రించడమంటే దానికి చెందిన ప్రతి పరికరాన్నీ విడివిడిగా, క్రమపద్ధతిలో నిద్రపుచ్చడమే. కాస్త పెద్ద లాగర్లలోనూ, అనేక సెన్సార్ల సమాచారాన్ని సేకరించే గేట్‌వేలలోనూ తరచుగా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాని కెర్నల్ పరికరాలను ఒక వంశవృక్షంగా పరిగణిస్తుంది. సెన్సార్ ఏ బస్ ద్వారా మాట్లాడుతుందో ఆ బస్ నియంత్రిక దానికి మాతృపరికరం. నిద్రపుచ్చేటప్పుడు ముందుగా పిల్ల పరికరాలు, ఆ తరువాత మాతృపరికరం. మేల్కొలిపేటప్పుడు ముందుగా మాతృపరికరం, ఆ తరువాత పిల్లలు. శ్రీరాంసాగర్ నీరు కాకతీయ కాలువలోకి వచ్చిన తరువాతే డిస్ట్రిబ్యూటరీకి, అక్కడి నుండి పంట కాలువకు చేరుతుంది కదా, మేల్కొలుపు క్రమం అటువంటిదే. బస్ నియంత్రిక నిద్రలో ఉండగా సెన్సార్‌ను ప్రశ్నిస్తే జవాబు రాదు. డ్రైవర్ సరిగా వ్రాయబడకపోతే లోపానికి బదులు సున్నా నమోదు కావచ్చు. ఏదైనా ఒక డ్రైవర్ తన పరికరాన్ని నిద్రపుచ్చలేనని లోపసూచన ఇస్తే, కెర్నల్ మొత్తం ప్రయత్నాన్ని విరమించి, అప్పటికే నిద్రించిన వాటిని కూడా మేల్కొలుపుతుంది. అంటే ఒక నాసిరకం డ్రైవర్ చాలు, లాగర్ రాత్రంతా జాగారం చేయడానికి.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది వర్షమాపకం విషయం. నేల తేమ పదిహేను నిమిషాలలో పెద్దగా మారదు. వాన లాగర్ మేల్కొనే వరకు ఆగదు. టిప్పింగ్ బకెట్ వర్షమాపకంలో నిర్ణీత పరిమాణం నీరు పడిన ప్రతిసారీ చిన్న దోనె వాలి ఒక విద్యుత్ స్పందనను పంపుతుంది. ఆ స్పందన నిద్రిస్తున్న ప్రాసెసర్‌ను మేల్కొలపగలగాలి, లేదా నిద్రించని ప్రత్యేక గణని దానిని లెక్కించాలి. లినక్స్‌లో మేల్కొలపగల ప్రతి పరికరానికీ వేకప్ అనే అమరిక ఉంటుంది. అది ఎనేబుల్ అయి లేకపోతే స్పందన వృథా అవుతుంది. ఉదాహరణకు ఒక్కో వాలుకు 0.5 మి.మీ. చొప్పున 45 మి.మీ. వర్షం సమవేగంతో కురిసినదనుకుందాం. మొత్తం 90 వాలులలో లాగర్ మేల్కొని ఉన్న ఒక వంతులో పడిన 6 మాత్రమే లెక్కకు వస్తాయి. నమోదు 3 మి.మీ. డేటా అసలు రాకపోతే ఎవరైనా వెళ్లి చూస్తారు, 3 మి.మీ. అని వస్తే ఎవరూ అనుమానించరు. పసుపు మళ్లలో నీరు నిలిచి దుంపకుళ్లుకు దారితీస్తున్న తరుణంలో తేలికపాటి జల్లు అన్న నివేదికతో సలహా వెలువడుతుంది.

మేల్కొలుపులోని ఇబ్బందులను రైతులకు వివరించడానికి ఆటో స్టార్టర్‌ను మించిన ఉపమానం లేదు. కరెంటు విడతలవారీగా వచ్చిన కాలంలో, సరఫరా తిరిగి రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి. నేరుగా స్టార్ట్ చేసిన ఇండక్షన్ మోటారు ఆ క్షణంలో సాధారణ కరెంటుకు సుమారు ఐదారు రెట్లు తీసుకుంటుంది, వోల్టేజి పడిపోయేది. లాగర్‌లోనూ సెన్సార్లు, మోడెమ్ ఒకేసారి మేల్కొంటే ఇదే జరుగుతుంది. జీఎస్ఎమ్ మోడెమ్ ప్రసార క్షణాలలో దాదాపు 2 ఆంపియర్ల వరకు కోరవచ్చు. బ్యాటరీ బలహీనంగా ఉంటే వోల్టేజి పడి ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. ముందు రీడింగు తీసుకొని, భద్రపరచి, ఆ తరువాతే మోడెమ్‌ను లేపడం సరైన పద్ధతి. ఆటో స్టార్టర్‌కు మరొక గుణం కూడా ఉంది: బావిలో నీరున్నదా అని చూడకుండానే పాత స్థితిని పునరుద్ధరిస్తుంది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, భూగర్భజలం వృథా కాకుండా వీటిని తొలగించమని ప్రభుత్వం కోరింది. సెన్సార్ కూడా మేల్కొనగానే స్థితి సరిచూడకుండా ఇచ్చే తొలి విలువను నమ్మరాదు. చౌకగా లభించే డీహెచ్‌టీ11 తేమ సెన్సార్‌కు విద్యుత్ అందిన తరువాత ఒక సెకను ఆగమని తయారీదారు పత్రమే చెబుతుంది. ఆ సెకనును ఆదా చేయడం వివేకం అనిపించుకోదు.

కాలగణన గురించి విద్యార్థులకు ఒక మాట. లినక్స్‌లోని మోనోటోనిక్ గడియారం నిద్రాకాలాన్ని లెక్కించదు. బూట్‌టైమ్ గడియారం లెక్కిస్తుంది. గత తడి నుండి ఎన్ని గంటలైనదో మొదటి దానితో కొలిచే ప్రోగ్రామ్‌కు రోజంతా గంటన్నరగా కనిపిస్తుంది. తడుల ప్రయోగంలో ట్రీట్‌మెంట్లు తారుమారు కావడానికి ఇంతకన్నా ఏమి కావాలి?

వానాకాలానికి ముందే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది, ఖర్చు లేనిది. 200 మి.మీ. వ్యాసం గల గరాటు ఉన్న వర్షమాపకంలో 10 మి.మీ. వర్షానికి సమానమైన నీరు 314 మి.లీ. లాగర్ నిద్రలోకి వెళ్లిన వెంటనే ఆ నీటిని సన్నని ధారగా, మరుసటి మేల్కొలుపుకు ముందే ముగిసేలా పోయాలి. తదుపరి నమోదులో 10 మి.మీ.కు దగ్గరి విలువ రావాలి. సున్నా గానీ, ఒకటి రెండు మి.మీ. గానీ వచ్చినట్లయితే వేకప్ అమరికను, గణనిని సరిచేయించాలి. సరిచేసిన తేదీకి ముందు ఆ కేంద్రం ఇచ్చిన వర్షపాత డేటాను విశ్లేషణ నుండి మినహాయించి, ఆ సంగతిని పద్ధతుల విభాగంలో పేర్కొనాలి.