'షార్ట్ సర్క్యూట్' అని రాసేస్తే అయిపోతుందా? ఘాట్‌లో బండి తగలబడితే కారణం వెతికే దారి

లంబసింగి ఘాట్‌లో ఒక జీపు ఇంజన్ నుంచి మంటలు లేచాయనుకుందాం. మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వాక్యం మనకు ముందే తెలుసు: 'షార్ట్ సర్క్యూట్ వల్లే ప్రమాదం జరిగినట్టు భావిస్తున్నారు.' భావించింది ఎవరో అందులో ఉండదు. మనుషులు చనిపోతే ఇంకో మాట తోడవుతుంది, 'డ్రైవర్ నిర్లక్ష్యం'. ఈ రెండు మాటలూ కాగితం మీద పడ్డాక కాలిన బానెట్ ఎత్తి చూసేవాళ్లుండరు. బండి తుక్కు కింద పోతుంది. కేసు మాత్రం డ్రైవర్ మీద మిగులుతుంది.

ఆ డ్రైవర్ ఎవరు? నర్సీపట్నం వైపు నుంచి టూరిస్టులను ఎక్కించుకొచ్చే దళిత యువకుడు కావచ్చు. చింతపల్లి సంతకు జనాన్ని తిప్పే ఆదివాసీ కావచ్చు. బండి ఎస్సీ కార్పొరేషన్ రుణంతోనో ప్రైవేటు ఫైనాన్స్‌తోనో కొన్నదై ఉంటుంది. లేదా యజమాని వేరు, ఇతను జీతగాడు, ఆ జీతానికి కాగితం ఉండదు. జైలుకు వెళ్తాడా, కాలిపోయిన బండికి వాయిదాలు కడుతూ కూర్చుంటాడా, పరిహారం అడగగలుగుతాడా అన్నవి మంట ఎక్కడ మొదలైందన్న దాన్ని బట్టే తేలతాయి. ఆ ఆరా ఎలా తీస్తారో కార్యకర్తలకూ విద్యార్థులకూ పనికొచ్చేలా ఇక్కడ చెప్పాలనుకుంటున్నాం.

(ఈ కొండల్లో రోడ్డు బరువు ఎవరి మీద పడుతుందన్నది పాత కథే. వందేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా ఆదివాసులతో రోడ్డు పని చేయించడం 1922 తిరుగుబాటుకు కారణాల్లో ఒకటి. ఆ ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది.)

కొండ ఎక్కే ఇంజన్‌లో ఏం జరుగుతుంది

మంటకు మూడు కావాలి: కాలే పదార్థం, వేడి, గాలి. గాలి ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి వెతకాల్సినవి రెండే. ఏది కాలింది? దాన్ని ముట్టించింది ఏది?

ఇంజన్ గదిలో కాలేవి చాలా ఉన్నాయి. డీజిల్ లేదా పెట్రోలు, ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, రబ్బరు హోసులు, వైర్ల తొడుగులు, చివరికి మెకానిక్ మర్చిపోయిన వేస్టు గుడ్డ, ఎలుక పేర్చుకున్న గూడు కూడా. ముట్టించేవి రెండు రకాలు: వేడెక్కిన లోహం, కరెంటు.

డౌనూరు దాటాక బండి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. చిన్న గేర్లో, నిండు జనంతో, నెమ్మదిగా. ఇంజన్ గట్టిగా పనిచేస్తుంది, చల్లబరిచే గాలి మాత్రం తక్కువ తగులుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ 500 డిగ్రీలు దాటగలదు, టర్బో ఉన్న బండిలో అది ఇంకా ఎక్కువ. డీజిల్ తనంతట తాను అంటుకునే వేడి సుమారు 210 నుంచి 250 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆరుబయట గాలి ఆడేచోట దానికి అంతకన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. మానిఫోల్డ్ దగ్గర ఆ వేడి ఉంది. పగిలిన రిటర్న్ పైపు నుంచి డీజిల్ తుంపరగా దాని మీద పడితే నిప్పురవ్వ అక్కర్లేదు.

పైకెక్కి ఆపాక ఇంజన్ చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. ఆపిన వెంటనే కాసేపు ఇంజన్ గది మరింత వేడెక్కుతుంది. ఫ్యాను, ముందు నుంచి కొట్టే గాలి ఆగిపోతాయి, లోహంలోని వేడి మాత్రం అలాగే ఉంటుంది. అందుకే 'దారంతా బాగానే వచ్చాం, చెరువులవేనం దగ్గర ఆపాకే పొగ వచ్చింది' అని డ్రైవర్ చెబితే అబద్ధమనుకోకండి. బండి ఎండుగడ్డి మీద ఆపారా అని కూడా అడగండి. వేడి సైలెన్సర్‌కు తగిలి గడ్డి అంటుకుంటే మంట కింది నుంచి మొదలవుతుంది. చూసేవాళ్లకు అది ఇంజన్ మంటలాగే కనిపిస్తుంది.

దిగేటప్పుడు లెక్క వేరు. విడవకుండా బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాలి, గ్రీజు, ఆ తర్వాత టైరు అంటుకుంటాయి. చక్రం దగ్గర పుట్టిన ఈ మంట కూడా నిమిషాల్లో ముందు భాగమంతా మింగేస్తుంది. బండి ఎక్కుతోందా, దిగుతోందా, ఆగి ఉందా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

కాలిన ఇనుము చెప్పే సంగతి

మంట ఎక్కువసేపు, ఎక్కువ వేడితో కాలినచోట బానెట్ రేకు మీద పెయింటు పూర్తిగా పోయి తెల్లబారుతుంది, తర్వాత తుప్పు రంగు తిరుగుతుంది. పక్కన నల్లటి మసి మిగులుతుంది. ఆ తెల్ల మచ్చ కింద ఏ భాగం ఉందో చూడాలి. బ్యాటరీయా, టర్బోనా, డీజిల్ ఫిల్టరా? అయితే ఘాట్‌లో ఇది ఒక్కటే నమ్మితే మోసపోతాం. రోడ్డు వాలుగా ఉంటుంది, కారిన డీజిల్ పల్లానికి పారుతుంది, మంట దాన్ని పట్టుకుని పోతుంది. గాలి ఎటు వీచిందో ఎవరో ఒకరు చెప్పాలి. ఎక్కువ కాలినచోటు వేరు, మొదట అంటుకున్నచోటు వేరు కావచ్చు.

కరిగిన లోహాలు వేడిని చెబుతాయి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి డైనమో గుల్ల, రేడియేటర్ కరిగిపోవడం మామూలే. రాగికి 1085 డిగ్రీలు కావాలి. వైరు చివర గుండ్రటి రాగి పూస కట్టి, దాని వెనక తీగ చెక్కుచెదరకుండా ఉంటే అక్కడ కరెంటు మెరుపు కొట్టిందని అర్థం. తీగ పొడుగునా సన్నబడి, వంకరగా కారిపోయి ఉంటే మంటే దాన్ని కరిగించి ఉండొచ్చు.

'షార్ట్ సర్క్యూట్' అన్న మాట ఓడిపోయేది ఇక్కడే. వేరే కారణంతో మంట వచ్చినా వైరు తొడుగు కాలిపోతుంది, బ్యాటరీ ఇంకా కలిసే ఉంటుంది కాబట్టి రాగి బాడీకి తగిలి మెరుస్తుంది. అంటే పూస దొరికినంత మాత్రాన షార్ట్ సర్క్యూట్ మంటను పుట్టించిందని చెప్పలేం. మంట వల్లే షార్ట్ అయి ఉండొచ్చు. తేల్చాలంటే ఒకే తీగ మీద పూసలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి. తీగ ఒకచోట తెగిపోతే దాని అవతలి భాగానికి కరెంటు అందదు, అక్కడ ఇక మెరుపు రాదు. అందువల్ల బ్యాటరీకి అన్నిటికన్నా దూరంగా ఉన్న పూస సాధారణంగా మొదటిదవుతుంది. ఆ చోటు మానిఫోల్డ్ పక్కన ఉంటే ఒక కథ, ఫ్యూజు బాక్సు వెనక ఉంటే ఇంకో కథ.

నిజంగా వైరింగే కారణమైతే, ఎవరి వైరింగ్? లంబసింగి మంచుకు చాలా బండ్లకు అదనంగా ఫాగ్ లైట్లు బిగిస్తారు. 55 వాట్లవి రెండు పెడితే 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్ల పైనే లాగుతాయి. రిలే, ఫ్యూజు లేకుండా సన్నటి వైరుతో లాగితే వైరే హీటరవుతుంది. కాలిన ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టారా? బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావుపాటి కేబుల్‌కు చాలా బండ్లలో ఫ్యూజే ఉండదు, అది ఎక్కడైనా రేకుకు ఒరుసుకుందా? కొన్నప్పుడు షోరూం వాళ్లే బిగించిన లైట్లయితే బిల్లు ఎక్కడుంది? ఆ బిల్లు డ్రైవర్ తలమీది నింద దింపగలదు.

మొదలు వేరు, వ్యాప్తి వేరు

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కాలి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. మొదట అందరూ బస్సు బైకును గుద్దిందనే అన్నారు. బైకు వెనక కూర్చుని బతికి బయటపడ్డ మనిషి చెప్పింది వేరు. బైకు అంతకుముందే జారి డివైడర్‌ను కొట్టింది, నడిపే మనిషి చనిపోయాడు, రోడ్డు మీద పడి ఉన్న బైకు మీదికి బస్సు వచ్చి దాన్ని ఈడ్చుకుపోయింది. బైకు పెట్రోలు, రాపిడి నిప్పురవ్వలు మంటను పుట్టించాయి. లగేజీలో వెళ్తున్న మొబైల్ ఫోన్ల బ్యాటరీలు దాన్ని పెంచాయని నిపుణులన్నారు. పుట్టించింది ఒకటి, చంపేంతగా పెంచింది ఇంకొకటి. ఆ సరుకు ఎక్కించింది ఎవరన్న ప్రశ్న డ్రైవర్ దగ్గర ఆగదు.

2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర 45 మందిని బలిగొన్న వోల్వో బస్సు కల్వర్టును గుద్దుకుంది, డీజిల్ ట్యాంకు పగిలింది. దర్యాప్తు చేసిన సీఐడీ బస్సు నిర్మాణాన్నీ, రోడ్డునూ కూడా ప్రశ్నించింది. పెద్ద ప్రమాదాలకు, పట్నం ప్రయాణికులకు దొరికే ఈ లోతు ఏజెన్సీ జీపుకూ దొరకాలని అడగడం అత్యాశేమీ కాదు.

మొదటి రోజు

బండిని లాగించేలోపే ఫొటోలు తీయాలి. నాలుగు వైపులా, కింద, బానెట్ లోపల, ఫ్యూజు బాక్సు, బ్యాటరీ తలలు. వెనక్కి ఒక వంద మీటర్లు నడిచి రోడ్డు చూడండి. ఆయిల్ చుక్కల వరస కనిపిస్తే మంటకు ముందే కారడం మొదలైందన్నమాట. ఆ వరస ఒక్క వానకు పోతుంది. ఏదీ కదపొద్దు, ఏదీ ఇంటికి తెచ్చుకోవద్దు. తాకితే సాక్ష్యం చెడిందంటారు.

డ్రైవర్‌తో ఆ రోజే మాట్లాడి, అతని మాటల్లోనే రాసుకోండి. మొదట ఏ వాసన? ప్లాస్టిక్కా, డీజిలా? పొగ తెలుపా, నీలమా, నలుపా? లైట్లు మినుకుమన్నాయా? ఇంజన్ ముందు ఆగిందా, మంట ముందు కనిపించిందా? స్టీరింగ్ బిగుసుకుందా? వారం పది రోజుల్లో ఏం రిపేరు చేయించారు? 'అన్నా, నువ్వేం తప్పు చేశావు' అని మొదలుపెడితే మీకేమీ దొరకదు.

తర్వాత కాగితాలు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఫైర్ రిపోర్టు, ఇన్సూరెన్స్ సర్వేయర్ రిపోర్టు, మూడింటి కాపీలూ అడగాలి. ఇవ్వకపోతే ప్రభుత్వ శాఖలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. నిర్లక్ష్యంతో మరణం కలిగించారని బీఎన్ఎస్ 106(1) కింద పెట్టే కేసులో గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. ఫోరెన్సిక్ నిపుణులు తప్పక రావాలనే బీఎన్ఎస్ఎస్ 176(3) ఏడేళ్లు, ఆపైన శిక్ష ఉన్న నేరాలకే. అంటే డ్రైవర్ మీద కేసు కట్టడానికి నిపుణుడు రావాల్సిన పనిలేదు! రాకూడదని మాత్రం ఎక్కడా లేదు. విశాఖపట్నం ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్‌తో బండిని పరీక్ష చేయించమని ఎస్పీకి రాసి, రసీదు తీసుకోండి. ఆ పరీక్ష అయ్యేదాకా బండిని తుక్కుకు ఇచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

ప్యాకేజీ పాలసీ ఉంటే మంట, తనంతట తాను అంటుకోవడం కూడా అందులో కవరవుతాయి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే బండికి రాదు. కంపెనీ సాధారణంగా చూపే సాకు 'ఎక్కువ మందిని ఎక్కించారు'. దీనికి సుప్రీంకోర్టు 1996లో బి.వి. నాగరాజు కేసులో జవాబిచ్చింది. అదనంగా ఎక్కిన మనుషులు ప్రమాదానికి కారణం కానప్పుడు ఆ పేరుతో క్లెయిమ్ ఎగ్గొట్టలేరు. వైరు ఒరుసుకుని మంట వచ్చిందని తేలితే ఈ తీర్పు అక్కరకొస్తుంది. లైసెన్సు సాకు చెబితే 2024 నవంబర్ నాటి రంభాదేవి తీర్పు చూపండి. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్సుతో నడపొచ్చు. గాయపడిన, చనిపోయిన వారి తరఫున ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది, క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

ఎవరైనా తగలబెట్టారన్న అనుమానం ఉంటే దారి పూర్తిగా మారుతుంది. ఇంజన్ గది అంతగా కాలకుండా సీట్లూ టైర్లూ వేర్వేరుగా కాలి ఉంటే, మంట ఒకటికి మించిన చోట్ల మొదలైనట్టుంటే గట్టిగా అడగాలి. ఎస్సీ, ఎస్టీల ఆస్తికి ఇతరులు నిప్పు పెడితే అట్రాసిటీ చట్టం 3(2)(iii) కింద ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ. ఇక్కడ ఫోరెన్సిక్ నిపుణులు రావాలని 176(3) పేరు చెప్పే అడగొచ్చు. వాళ్లు బండి కింది మట్టిని గాలి చొరని డబ్బాలో సీలు చేస్తున్నారో లేదో దగ్గరుండి చూడండి, మామూలు పాలిథిన్ కవర్లోంచి పెట్రోలు ఆవిరి జారిపోతుంది. డీజిల్‌తో నడిచే జీపు కింద పెట్రోలు దొరికితే, అది ఆ బండిలోది కాదు.