ఇసుక మనదే... అలలే కొత్త!

చుట్టూ ఇసుక. కనుచూపు మేర ఇసుక తిన్నెలు. కానీ ఎంత చెవులు రిక్కించినా అలల హోరు వినిపించదు. ఎందుకంటే ఇది సముద్రతీరం కాదు, అనంతపురం జిల్లా! రోజూ ఈ ఇసుకను చూసే కళ్లతో అసలు సముద్రతీరానికి వెళ్తే ఎలా ఉంటుంది? ఈసారి సంక్రాంతి సెలవులకు పిల్లాపాపలతో బయల్దేరి చూడండి.

రాయదుర్గం దాటి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు వెళ్తే వేదవతి నది కనిపిస్తుంది. ఇక్కడివాళ్లకు అది హగరి. నది అన్నారు కదా అని నీళ్లు వెతక్కండి. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఉండేది ఇసుకే. పడమటి కనుమల్లో పుట్టిన ఈ నదికి కర్ణాటకలోని హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరం కట్టారు. 1907లో పూర్తయిన ఆ జలాశయం 1933లో పొర్లాక మళ్లీ పొర్లింది 2022లోనే! దానికి దిగువన మన జిల్లాలో భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. అదీ దాటి కిందికి వచ్చే నీళ్లెన్ని?

నీళ్లు రాకపోయినా గాలి మాత్రం ఏటా తప్పకుండా వస్తుంది. నైరుతి రుతుపవనాలు వానను పడమటి కనుమల్లోనే కురిపించేసి, ఉత్త గాలిని మనకు పంపిస్తాయి. ఆషాఢం గాలి ఎంత జోరుగా ఉంటుందో ఈ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు పెట్టింది ఆ జోరును చూసే. అదే గాలి ఎండిన హగరి నుంచి ఇసుకను లేపి పక్క పొలాల్లో పోస్తుంది. దర్గాహొన్నూరు, గోవిందవాడ లాంటి ఊళ్ల దగ్గర ఇసుక దిబ్బలుగా పేరుకుపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లకు అది ఎడారి అందం. పొలం మునిగిన రైతుకు మాత్రం నష్టం. ఇసుక ఎత్తిపోయిస్తే తప్ప విత్తనం వేసే వీలుండదు.

తీరాన్ని కాసే తీగ

ఇప్పుడు గుంతకల్లులో రైలెక్కి నంద్యాల, గుంటూరు మీదుగా తూర్పు తీరానికి వెళ్దాం. బాపట్ల, చీరాల ప్రాంతంలో సముద్రం పట్టణానికి కూతవేటు దూరంలోనే ఉంటుంది. సూర్యలంక, ఓడరేవులకు సెలవు రోజుల్లో జనం పోటెత్తుతారు. సందడి వద్దనుకుంటే అక్కడి నుంచి తీరం వెంట దక్షిణంగా వెళ్లండి. సరుగుడు తోటలు, ఒడ్డుకు లాగిన పడవలు, ఆరబెట్టిన వలలు, వాటి మధ్య చిన్న చిన్న పల్లెలు. అలలూ అడుగుల గుర్తులూ తప్ప ఇంకేమీ లేని తీరం అక్కడక్కడా ఇంకా మిగిలే ఉంది.

ఇక్కడా గాలి హోరెత్తుతుంది. ఇక్కడా ఇసుక కొండంత ఉంది. మరి హగరి ఒడ్డున లాగా ఊళ్ల మీదికి ఎందుకు రాదు? సమాధానం మీ కాళ్ల దగ్గరే ఉంటుంది. మేక గిట్టలా చీలిన ఆకులు, ఊదారంగు పూలతో ఇసుక మీద పాకే తీగను చూశారా? అదే బాలబంద తీగ. కణుపు కణుపునా వేళ్లు దింపుకుంటూ ఇసుకను పట్టి ఉంచుతుంది. దానికి తోడు రావణుడి మీసాలు అనే గడ్డి. దీని గింజల గుత్తులు ముళ్లబంతుల్లా గాలికి దొర్లుకుంటూ పోయి ఎక్కడ ఆగితే అక్కడ మొలుస్తాయి. వీటి వెనకే సరుగుడు చెట్ల వరస. ఇవన్నీ కలిసి కట్టిన ఇసుక గోడే పోటెత్తే సముద్రానికి మొదటి అడ్డు. కాబట్టి వాహనాన్ని తిన్నెల మీదికి ఎక్కించకండి. మనకు అడ్డంగా కనిపించే ఆ తీగే తీరానికి కాపలా.

మోటుపల్లి అభయం

చీరాలకు దక్షిణంగా ఉన్న మోటుపల్లిని తప్పక చూడండి. ఇప్పుడిది ప్రశాంతమైన పల్లె. కాకతీయుల కాలంలో మాత్రం దేశదేశాల ఓడలు ఆగిన రేవు. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు 1244లో ఆ పద్ధతి మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని వర్తకులకు మాటిచ్చాడు. ఆ అభయ శాసనం ఇక్కడి వీరభద్రస్వామి ఆలయంలో ఉంది. మార్కోపోలో సాలెగూడంత సన్నని బట్టలు నేస్తారని మెచ్చుకున్న ముత్ఫిలి రాజ్యం ఇదేనని చరిత్రకారులు చెబుతారు.

తాబేళ్ల పురిటిల్లు

జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో తల్లి ఇసుకలో గుంత తవ్వి వందకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. సుమారు 50 రోజులకు పిల్లలు బయటికొచ్చి, వెలుతురు ఎటు ఉంటే అటు నడుస్తాయి. సముద్రం మీది మసక వెలుగే వాటికి దారి. ఒడ్డున దీపాలు వెలిగితే దారి తప్పి ఊరివైపు వచ్చేస్తాయి. అందుకే రాత్రిపూట టార్చిలైట్లు, చలిమంటలు వద్దు. గుడ్లున్న చోటు కనిపించినా ముట్టుకోవద్దు.

మెట్టప్రాంతం వారికి ఓ మాట

చెరువులో ఈత వచ్చుకదా అని సముద్రంలో దిగకండి. ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. దిగేముందు అక్కడి మత్స్యకారులను అడగండి. మోకాలి లోతు దాటకండి. పిల్లల చెయ్యి వదలకండి. ఒకవేళ ప్రవాహంలో చిక్కుకుంటే కంగారుపడి ఒడ్డుకు ఎదురీదొద్దు. తీరం వెంబడి పక్కకు ఈదితే లాగుడు తగ్గుతుంది. అప్పుడు ఒడ్డు వైపు తిరగాలి.

జనంలేని తీరంలో హోటళ్లు ఉండవు. చిత్రాన్నం, ఓళిగలు కట్టుకుని, తాగునీళ్లు పట్టుకెళ్లండి. ఖాళీ సీసాలు, కవర్లు తిరిగి తెచ్చుకోండి. రాత్రి బసకు చీరాల, బాపట్ల అనువుగా ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం. సంక్రాంతి ముందూ వెనకా అయితే ఎండా తక్కువే.

తిరిగి వచ్చాక పిల్లలు ఒక ప్రశ్న అడగొచ్చు. మన హగరి ఒడ్డున ఆ తీగ ఎందుకు లేదని! ఆ తీగే కానక్కర్లేదు, మన నేలకు తగిన గడ్డీ చెట్టూ వేళ్లు దింపుకుంటే ఇక్కడి ఇసుకా ఆగుతుంది. పిల్లలకు ఆ ఆలోచన వస్తే ఇంత దూరం వెళ్లొచ్చిన ప్రయాణం ఫలించినట్టే.