దక్కనీ: పేరు వెనుక చరిత్ర, సంఘం ముందున్న ప్రశ్న

గుంతకల్లు వంటి రైల్వే జంక్షన్‌లో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపిస్తాయి. ఇక్కడి ముస్లిం కుటుంబాల ఇంటి భాషను కొందరు ‘కలగాపులగం ఉర్దూ’ అంటారు. దాని అసలు పేరు దక్కనీ. భాషకు మనం పెట్టే పేరు, దానిని మాట్లాడేవారిపట్ల మన వైఖరిని బయటపెడుతుంది. కనుక ఈ పేరు పుట్టుకను పరిశీలించడం సువార్త పరిచర్యకు అవసరం.

సంస్కృత ‘దక్షిణ’ శబ్దం ప్రాకృతంలో ‘దక్ఖిణ’ అయింది. దాని నుండి ‘దక్కన్’, ‘దక్కనీ’ వచ్చాయి. దక్షిణాది భాష అని అర్థం. 1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దేవగిరికి మార్చడంతో ఢిల్లీ ప్రాంతపు వాడుక భాష పెద్దఎత్తున ఇటు వచ్చింది. తరువాత గోల్కొండ, బిజాపూరు రాజ్యాలలో అది సాహిత్య భాషగా ఎదిగింది. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా దక్కనీ కవి.

ఈ భాషలో ‘వద్దు’ అనే అర్థంగల ‘నక్కో’ మరాఠీ నుండి వచ్చింది. ‘వస్తానని చెప్పాడు’ అనే తెలుగు వాక్యంలో ‘అని’ చేసే పనిని దక్కనీలో ‘బోల్‌కే’ చేస్తుంది. మాట హిందూస్తానీది, వాక్యపు పోకడ ద్రావిడ భాషలది. కనుక ఇది చెడిపోయిన ఉర్దూ కాదు, ఇరుగుపొరుగుతో కలిసి బ్రతికిన ప్రజల భాష.

యూదుల అనుభవం ఇటువంటిదే. 1492లో స్పెయిన్ నుండి వెళ్లగొట్టబడిన యూదుల స్పానిష్‌లో హెబ్రీ, టర్కీ పదాలు కలిశాయి. దానికి వాడే ‘లదీనో’ అనే పేరు ‘లాటిన్’ శబ్దం నుండి పుట్టింది. హెబ్రీ లేఖనాలను మాటకు మాటగా స్పానిష్‌లోనికి మార్చిన అనువాద భాషను ప్రత్యేకంగా ఆ పేరుతో పిలుస్తారు. జర్మన్, హెబ్రీ, స్లావిక్ పదాలు కలిసిన ‘యిద్దిష్’కు ‘యూదుల భాష’ అని అర్థం. చిన్నచూపు చూసినవారు దానిని ‘జార్గన్’ అన్నారు. అయినా హెబ్రీ చదువు లేని అనేకమంది యూదు స్త్రీలు లేఖన కథలు చదువుకొన్నది ఆ భాషలోనే.

మన మిషనరీ చరిత్రలోనూ ఇందుకు సాక్ష్యముంది. బైబిలును తెలుగులోనికి అనువదించిన బెంజమిన్ షుల్జ్, మద్రాసులో విన్న దక్షిణాది హిందూస్తానీని కూడ నేర్చుకొన్నాడు. ఆయన రచించిన ఆ భాషా వ్యాకరణం 1745లో జర్మనీలోని హాలేలో వెలువడింది. వీధి భాషను ఆయన నీచంగా ఎంచలేదు.

క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకుకు ‘కొయినే’ అని పేరు, అనగా ‘సామాన్యమైనది’. పేతురు గలిలయ యాసను ప్రధాన యాజకుని ముంగిటనున్నవారు గుర్తుపట్టారు (మత్తయి 26:73). అదే నోటితో అతడు పెంతెకొస్తు దినాన ప్రకటించాడు. గుంతకల్లు వీధి భాషను ప్రసంగపీఠం వెలుపల నిలబెట్టే ముందు బోధకులు ఈ సంగతి ఆలోచించాలి.