చైనా వైద్యం: పేరు తెలిస్తే చాలదు

"ఒళ్ళు వేడి చేసింది డాక్టరుగారూ" అంటూ ఆస్పత్రికి వచ్చేవారికి లెక్కలేదు. థర్మామీటరు పెట్టి చూస్తే 98.4 డిగ్రీలే వుంటుంది. అయినా మీరు అబద్ధమాడటం లేదని నాకు తెలుసు. కళ్ళు మండటం, మూత్రం చురుక్కుమనటం, నోట్లో పొక్కులు, మామిడిపళ్ళు ఎక్కువ తిన్నాక లేచే సెగ్గడ్డలు, ఇవన్నీ కలిపితే మన భాషలో "వేడి". మజ్జిగ పుచ్చుకుంటే "చలవ చేస్తుంది" అంటాం. ఆ చలవ ఏ థర్మామీటరుకీ అందదు.

ఒక్కటి ఊహించండి. మరో వెయ్యేళ్ళ తరువాత, తెలుగుదేశం మొహం చూడని పండితుడొకడు మన గృహవైద్యం పుస్తకం తెరిచి, "వేడి" అన్న చోటల్లా "జ్వరం" అని తర్జుమా చేశాడనుకోండి. మామిడిపళ్ళు తింటే జ్వరం వస్తుందని ఆంధ్రులు నమ్మేవారని రాసేస్తాడు! ఆ పుస్తకం చదివిన మరొకడు సబ్జా గింజల్ని జ్వరం మందుగా పొట్లాలు కట్టి అమ్ముతాడు.

చైనా వైద్య గ్రంథాలకు సుమారుగా ఇదే గతి పట్టింది. "చైనా వైద్యంతో మనకేం పని?" అని మీరు అడగవచ్చు. ఆక్యుపంక్చర్ సూదులు ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లో కూడా వేస్తున్నారు. సింగపూర్ నుంచో, అమెరికా నుంచో సెలవులకు వచ్చిన అబ్బాయి "చైనా మూలికల టీ, ఒళ్ళు తగ్గుతుందట" అని పాకెట్లు తెచ్చి యిస్తున్నాడు. ఫోనులో చూసి తెప్పించుకునేవారు సరేసరి. కనుక ఆ గ్రంథాల్లో మాటలకు అర్థమేమిటో కాస్త తెలుసుకోవలసిన అవసరం మనకూ వచ్చింది.

"ప్లీహం" అంటే ప్లీహం కాదు

ఆ మధ్య ఒక టీచరమ్మ బిక్కమొహంతో వచ్చింది. భోంచేయగానే కడుపుబ్బరం, నీరసం. సూదులు వేసే ఆయన నాడి చూసి, "మీ ప్లీహం బలహీనంగా వుంది, మూత్రపిండాల్లో శక్తి తగ్గింది" అన్నాడట. ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయారు. రెండు చోట్ల స్కానింగులయ్యాయి, రక్తపరీక్షలయ్యాయి. అన్నీ సవ్యంగానే వున్నాయి. "మరి ఆయన అలా ఎందుకన్నాడు డాక్టరుగారూ?" అని అడిగింది.

ఆయన అబద్ధం చెప్పలేదమ్మా, ఆయన మాట వేరు, నా మాట వేరు అన్నాను. చైనా వైద్యులు "పి" అనే మాటను మనం "ప్లీహం" అంటున్నాం. కాని వారి గ్రంథాల్లో పి చేసే పని ఆహారాన్ని పచనం చేసి ఒంటికి పంచిపెట్టడం. మీరు "నాకు అరుగుదల లేదు" అంటారే, దానికి దగ్గర. ఎడమ డొక్కలో వుండి, మలేరియా వస్తే వాచి చేతికి తగిలే అవయవానికీ, ఆ మాటకూ సంబంధం బహు తక్కువ. అలాగే వారు "మూత్రపిండం" అన్నప్పుడు పెరుగుదల, సంతానశక్తి, వార్ధక్యం అన్నీ అందులోకి వస్తాయి. అక్కడ "మూత్రపిండం బలహీనం" అన్నంత మాత్రాన రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని కాదు. ఇదీ మరువరాదు: "మూత్రపిండం బాగుంది" అని వారు చెప్పినంత మాత్రాన క్రియాటినిన్ సరిగా వుందనీ కాదు.

ఈ గందరగోళానికి చరిత్ర వుంది. 1774లో జపాన్‌లో సుగితా గెంపకు, ఆయన మిత్రులు కలిసి డచ్చి భాషలోని శరీర నిర్మాణ శాస్త్రాన్ని అనువదించి అచ్చువేశారు. అవయవాలకు పాత చైనా పేర్లే తగిలించారు. వారిని తప్పుపట్టలేం, చేతిలో వున్న మాటలు అవే. కాని దానితో ఒకే పేరుకి రెండు అర్థాలు స్థిరపడిపోయాయి.

మాటల వెనుక మరికొన్ని కథలు

చైనా వైద్యానికి మూలగ్రంథం "హువాంగ్ డీ నైజింగ్". రెండువేల ఏళ్ళనాటిది. అందులోని "సు వెన్" భాగాన్ని జర్మన్ పండితుడు పాల్ ఉన్‌షుల్ట్, హెర్మన్ టెస్సెనోవ్ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చి, ఎక్కడికక్కడ వివరణలతో 2011లో ప్రచురించారు. ఉన్‌షుల్ట్ పట్టుబట్టేది ఒక్కటే: ఆనాటి వైద్యుడు ఆ మాటను ఏ అర్థంలో రాశాడో అదే చెప్పాలి, మన కాలపు జబ్బు పేరు దానికి అతికించకూడదు.

ఎందుకో చూడండి. "హువొలువాన్" అని పాత గ్రంథాల్లో ఒక జబ్బుంది. హఠాత్తుగా వాంతులు, విరేచనాలు. 19వ శతాబ్దిలో కలరా మహమ్మారి చైనాలో ప్రవేశించినప్పుడు దానికీ అదే పేరు పెట్టారు. ఇప్పుడు చైనీయ భాషలో హువొలువాన్ అంటే కలరాయే. దానిని పట్టుకుని పాత పుస్తకం చదివితే రెండువేల ఏళ్ళ కిందటే అక్కడ కలరా వుందని తేలుతుంది! వారు చూసింది చాలావరకు కలుషితాహారం వల్ల వచ్చిన వాంతులూ విరేచనాలూ అయివుండవచ్చు. మన "విషూచి" మాటకు పట్టిన గతీ ఇదే కదా. "షాంగ్‌హాన్" మాట కూడా అంతే. పాత గ్రంథంలో చలి వల్ల వచ్చే నానారకాల జ్వరాలు, ఈనాటి చైనీయంలో టైఫాయిడ్.

ఆక్యుపంక్చర్‌లో "మెరిడియన్" అంటారే, అది చైనా మాటే కాదు. 1930ల్లో ఫ్రెంచివాడు సూలియె ద మొరాన్ దానినీ, "ఎనర్జీ" అన్న మాటనూ ప్రచారంలోకి తెచ్చాడు. అసలు మాట "జింగ్‌మై". మై అంటే నాళం. జింగ్ అంటే మగ్గం మీద పడుగు దారం. పోచంపల్లిలోనో, మంగళగిరిలోనో మగ్గం చూసినవారికి ఈ మాట సులభంగా బోధపడుతుంది: నిలువునా సాగే పడుగులా, శరీరం పొడుగునా సాగే నాళం. నైజింగ్ అన్న గ్రంథనామంలోని జింగ్ కూడా ఈ అక్షరమే. బౌద్ధ సూత్రాలను చైనాకు తీసుకువెళ్ళినప్పుడు "సూత్రం" అన్న మాటకు వారు వాడింది దీనినే. సూత్రం అంటే మనకూ దారమే!

అన్నట్టు, ఈ నాళాల లెక్క కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1973లో చాంగ్‌షా నగరం దగ్గర మవాంగ్‌దుయి అనే చోట, క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధిని తవ్వితే పట్టుబట్టల మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో నాళాలు పన్నెండు కాదు, పదకొండే. సూదుల ప్రసక్తే లేదు. నాళం మీద ఆకుపొడి కాల్చి వేడి తగిలించడమే చికిత్స. అంటే ఈ వైద్యం కూడా మన ఆయుర్వేదం లాగే కాలక్రమంలో పెరిగిందీ, మారిందీ. "అయిదువేల ఏళ్ళుగా మారని విద్య" అని ప్రకటన కనబడితే ఈ సంగతి గుర్తు చేసుకోండి.

కళ్ళకలకను వారు "గాలి-నిప్పు కన్ను" అంటారు. దీనిని ఇంగ్లీషులో ఎలా రాయాలన్న దానిమీద పండితుల మధ్య పెద్ద తగవే జరిగింది. 1998లో చైనా వైద్య నిఘంటువు వెలువరించిన నైజెల్ వైజ్‌మన్, గాలి, నిప్పు మాటల్ని అలాగే వుంచాలంటాడు. ఎందుకంటే ఆ వైద్యుడు మందు వేసేది ఆ గాలికీ, నిప్పుకీ. ఇంకొందరు తేలికగా "కంజంక్టివైటిస్" అని రాసేయమంటారు. ఎల్లోపతీ చదివిన నేను రెండోవారి పక్షం వహిస్తానని మీరనుకోవచ్చు. కాదు. మొదటివాడే నిజాయితీపరుడు. మాట పరాయిదిగా వినబడితేనే రోగి "అంటే ఏమిటండీ?" అని అడుగుతాడు. కన్ను మాట వచ్చింది కనుక చెబుతున్నాను, చైనాలో మన ఆచార్య నాగార్జునుని పేరు మీద ఒక నేత్రవైద్య గ్రంథం వుంది. శుక్లాన్ని సూదితో పక్కకు తోసే విద్య వారికి భారతదేశం నుంచే వెళ్ళింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చైనా వైద్య పదాలకు ప్రామాణిక ఇంగ్లీషు పదావళి ప్రకటించింది. అదే ఏడు జనవరి నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల పట్టికలో వారి రోగనామాలకు ప్రత్యేక అధ్యాయం వుంది. పేరు పట్టికకు ఎక్కినంత మాత్రాన మందు పనిచేస్తుందని ఋజువైనట్లు కాదు. లెక్క రాసుకోవడానికి అందరూ ఒకే మాట వాడతారు, అంతే.

ఒక ఆకు ప్రాణం పోసింది

జబ్బు పేరు తప్పితే కంగారుతో పోతుంది. మొక్క పేరు తప్పితే అంతటితో పోదు.

ముందు మంచి కబురు చెబుతాను. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందనడానికి మొదటి ఆధారం రోనాల్డ్ రాస్‌కి 1897లో మన సికింద్రాబాదులో దొరికింది. దాని మందుల్లో మేటి అయినది మాత్రం చైనా పాత పుస్తకంలో దొరికింది. 1967లో వారి ప్రభుత్వం రహస్యంగా మలేరియా మందు కోసం పరిశోధన మొదలుపెట్టింది. టు యూయూ అనే శాస్త్రవేత్త పాత గ్రంథాలు గాలించి "చింగ్‌హావ్" అనే మూలికను పట్టుకుంది. కషాయం కాస్తే ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. అప్పుడు 4వ శతాబ్దివాడైన గె హొంగ్ పుస్తకంలో ఆమె దృష్టి ఒక చిన్న సూచన మీద పడింది. ఆయన ఆకును నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. కాచమనలేదు! వేడికి మందు చెడిపోతున్నదేమోనని ఆమె తక్కువ వేడిలో, ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరు 4న, 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిముల్ని పూర్తిగా తుడిచిపెట్టింది. ఆ ఆర్టెమిసినిన్ సంతతి మందులే నేడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫాల్సిపారం మలేరియాకు యిస్తున్నాం. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులోనూ పేరు తిరకాసు వుంది. చింగ్‌హావ్ అన్న పేరు ఒకటి కంటే ఎక్కువ మొక్కలకు నడిచింది. 1596లో అచ్చయిన లీ షిజెన్ మహాగ్రంథం "బెన్‌సావ్ గాంగ్‌ము"లో చింగ్‌హావ్ వేరు, పసుపుపూల హావ్ వేరు. ఆర్టెమిసినిన్ పుష్కలంగా వుండే ఆర్టెమిసియా అన్యువా మొక్క ఈ రెండోదేనని ఎలిజబెత్ ష్యూ వంటి పండితులు వాదిస్తున్నారు. ఇంకో పేరు మీద ఆగివుంటే ఆ మందు చేతికి చిక్కేది కాదేమో! సుమారు 1,900 పదార్థాలను వర్ణించిన ఆ గ్రంథాన్ని ఉన్‌షుల్ట్ ఇంగ్లీషులోకి తేగా 2021 నుంచి సంపుటాలుగా వెలువడింది. దానికి ముందుగా 2015లో ఆయన, జాంగ్ జిబిన్ కలిసి అందులోని రోగనామాలకే ఒక నిఘంటువు తయారుచేశారు. ఇంత చాకిరీ ఎందుకంటే ఇందుకే.

ఒక వేరు మూత్రపిండాలు తీసింది

ఇక చెడ్డ కబురు. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో, ఒళ్ళు తగ్గించే క్లినిక్ ఒకదానిలో చైనా మూలికలు కలిపిన మందు యిచ్చారు. కొద్దికాలంలోనే పడుచు వయసు స్త్రీలు మూత్రపిండాలు చెడిపోయి ఆస్పత్రులకు రావడం మొదలైంది. 1993లో లాన్సెట్ పత్రికలో సంగతి బయటపడింది. తరువాత తేలినవారు నూరుమందికి పైనే. ఎందరో డయాలిసిస్ పాలయ్యారు.

జరిగిందేమిటి? పొట్లంలో వుండవలసినది "హాన్ ఫాంగ్‌జీ", అంటే స్టెఫానియా అనే తీగ వేరు. వచ్చిపడినది "గ్వాంగ్ ఫాంగ్‌జీ", అంటే అరిస్టొలోకియా వేరు. రెండింటినీ బజారులో "ఫాంగ్‌జీ" అనే అంటారు. రెండోదానిలో అరిస్టొలోకిక్ ఆమ్లం వుంది. అది మూత్రపిండంలోని సన్నని నాళికల్ని మెల్లమెల్లగా ఎండబెడుతుంది. నొప్పి వుండదు, వాపు కూడా అంతగా కనబడదు. మందు మానేసినా చెడుపు ఆగకపోవచ్చు. అంతటితో అయిందా? 2000లో వచ్చిన నివేదిక ప్రకారం, అలా మూత్రపిండాలు పోయి, ముందుజాగ్రత్తగా వాటిని తీయించుకున్న 39 మందిలో 18 మందికి మూత్రమార్గంలో క్యాన్సర్ వుంది. చైనా ప్రభుత్వమే 2003, 2004 సంవత్సరాల్లో ఈ జాతి మూలికలు కొన్నింటిని నిషేధించింది.

ఇది విని "మన మూలికలు అలాంటివి కావులెండి" అనుకోవద్దు. గాడిదగడపాకు మీకు తెలుసు, పల్లెల్లో కడుపులో పురుగులకు వాడతారు. పాముకాటుకని ఈశ్వరి వేరు అరగదీసి యిస్తారు. రెండూ అరిస్టొలోకియాలే, రెండింటిలోనూ ఆ ఆమ్లం వుంది. ఇవి లోపలికి పుచ్చుకోవద్దు. పాము కరిస్తే వేరు కోసం వెతకక, విషానికి విరుగుడు ఇంజెక్షను వున్న ఆస్పత్రికి పరుగెత్తండి. పేర్ల తికమక మనకూ తక్కువేమీ లేదు. బ్రాహ్మి అంటే ఒకచోట నీటి ఒడ్డున పాకే బకోపా, మరోచోట సరస్వతి ఆకు.

మూలిక ఏదైనా వాడుతుంటే దాచకండి. డాక్టరు కోప్పడతాడని చాలామంది చెప్పరు. మాలో కోప్పడేవారూ లేకపోలేదు, ఆ కోపం వల్ల నష్టపోయేది రోగి. పేరు నోటితో చెప్పటం కంటే పాకెట్టు తీసుకురండి. దానిమీద లాటిన్ వృక్షనామం వుందా, తయారీదారు చిరునామా వుందా అన్నది చూడాలి. లేకపోతే మానేయండి. అరిస్టొలోకియా అన్న మాట కనబడితే అసలే ముట్టుకోవద్దు. గర్భిణులు, చక్కెర వ్యాధి, రక్తపోటు వున్నవారు ఇంకా జాగ్రత్తగా వుండాలి. నెలల తరబడి సన్నబడే పొడో, టీయో వాడివుంటే, ఒంట్లో బాగానే వున్నా ఒకసారి సీరం క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోండి. రెండూ ప్రభుత్వాస్పత్రిలో చేస్తారు. సూదుల వైద్యానికి వెళితే, ప్రతిసారి కొత్త సూదుల పాకెట్టు మీ కళ్ళ ఎదుటే విప్పమని అడగండి. "మీ ప్లీహం బలహీనం" అంటే కంగారుపడక, "మీ గ్రంథంలో ప్లీహమా, నా కడుపులో ప్లీహమా?" అని అడగండి. చదువుకున్న వైద్యుడైతే నవ్వి జవాబు చెబుతాడు.