పాట మారిన పాత నాటకము

ఏనాడో టెలివిజనులో చూచిన నాటకమును డిస్కుగా కొని ఇంట పెట్టుకొన్నవారికి, ఎరిగిన పాటకు మారుగా ఎరుగని సంగీతము వినవచ్చుట కలదు. అందలి కారణమును వివరింతుము.

1978 మొదలు 1982 వరకు అమెరికాలో సి.బి.ఎస్. ప్రసారము చేసిన 'డబ్ల్యు.కె.ఆర్.పి. ఇన్ సిన్సినాటి' ఒక కల్పిత రేడియో కేంద్రపు హాస్యకథ. అందు నాటి ప్రసిద్ధ గీతములే మ్రోగెడివి. పాట రచనకొక హక్కు, దాని రికార్డుకు వేరొక హక్కు కలవు. నాడు పొందిన అనుమతులు పరిమితములు. ఇంటింట అమ్మెడి ప్రతులకు అవి చెల్లలేదు. కావున 2007లో మొదటి సంవత్సరపు నాటకములు డిస్కులుగా వెలువడినపుడు పెక్కు పాటలు మార్పబడినవి.

పాటయు మాటయు ఒకే శబ్దరేఖపై కలిసియున్నచో వానిని విడదీయుట కష్టము. అందుచే కొన్ని సంభాషణలు సైతము పోయినవి. పింక్ ఫ్లాయిడ్ వారి 'డాగ్స్' పాటలోని కుక్కల అరుపును గూర్చిన పరిహాసము అట్టిదే. పాట లేనిచో దానికి అర్థమే లేదు.

2014లో వేరొక సంస్థ అధికభాగము పాటలకు తిరిగి అనుమతి సంపాదించినది. పాత నాటకమును కొనునపుడు మూలసంగీతము కలదా యని విచారించుట మేలని మనవి.