అడవిమీది గాలి: కొలతయు, లెక్కయు

చెట్లు పగటివేళ ప్రాణవాయువును విడుచునని మన బాలురందరు ఎరుగుదురు. కాని అనేక వృక్షముల ఆకులనుండి ఎండవేళ ఐసోప్రీనను ఆవిరియు వెలువడును. లోకమందలి వృక్షములు ఏటేట విడుచునది సుమారు 50 కోట్ల టన్నులని అంచనా. రబ్బరు ఈ ఐసోప్రీను అణువుల గొలుసే సుమా!

గాలిలో దీనిని విరుగగొట్టునది హైడ్రాక్సిలను కణము. ఇది సూర్యకాంతియందు ఓజోనువలనను నీటియావిరివలనను పుట్టును. అడవిగాలిలో ఒక సెకనైనను నిలువదు. భూమిని వేడిచేయు మీథేనును తొలగించునదియు ముఖ్యముగా ఇదియే.

ఐసోప్రీను అధికమైనచోట హైడ్రాక్సిలు వ్యయమైపోవునని పూర్వపు లెక్కలు చెప్పెను. అట్లయినచో మీథేను మరింతకాలము నిలిచియుండవలెను. 2005వ సంవత్సరమున లెలివెల్డు మొదలగు శాస్త్రజ్ఞులు దక్షిణ అమెరికాలోని సురినాము, గయానా అడవులమీద విమానమునుండి కొలువగా, హైడ్రాక్సిలు లెక్కకంటె ఎన్నో రెట్లు కనబడెను!

తప్పు లెక్కదా, పరికరముదా? ఐసోప్రీను విరుగునపుడు కొంత హైడ్రాక్సిలు మరల పుట్టును. పూర్వపు లెక్కలలో ఖర్చు వ్రాసిరిగాని యీ జమను చాలినంతగా వ్రాయలేదు. ఇక పరికరముల మాట. 2009లో కాలిఫోర్నియాయందలి యొక అడవిలో, లోనికివచ్చు గాలినుండి హైడ్రాక్సిలును వేరొక వాయువుచే ముందుగానే తొలగించి చూచిరి. అప్పటికిని పరికరము కొంత హైడ్రాక్సిలును చూపుచునే యుండెను! అది పరికరములోనే పుట్టినదన్నమాట. ఇట్టి పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది.

విమానము కొన్ని గంటలే యుండగలదు. కావున బ్రెజిలు, జర్మనీ దేశములవారు అమెజాను అడవిలో, మనౌసు నగరమునకు సుమారు 150 కిలోమీటర్ల దూరమున, 325 మీటర్ల ఉక్కుగోపురమును నిలిపిరి. 2015లో దానిని ప్రారంభించిరి. దానిమీద వేర్వేరు ఎత్తులనుండి గాలిని గొట్టములద్వారా దింపి పరీక్షింతురు.