చలిగాలికి బలమెక్కువా?

అమీర్‌పేట, పంజాగుట్ట దాటి హుస్సేన్‌సాగర్ గట్టుకెళ్తే తెరచాప పడవలు కనిపిస్తాయి. ఇక్కడ ఎండతోనే పోరు; టోపీ, మంచినీళ్లు మరిచిపోతే కళ్లు తిరుగుతాయి. మరి చలి సముద్రంలో?

గాలి చల్లబడితే చిక్కబడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి సుమారు 1.16 కిలోలు తూగితే, సున్నా దగ్గర 1.29. అందుకే వేగం అంతే ఉన్నా చలిగాలి తెరచాపను ఇంకా గట్టిగా తోస్తుంది. అసలు ప్రమాదం నీటిది. గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. పడగానే ఊపిరి ఎగబీలుస్తాం, కాసేపటికి వేళ్లు తాడు పట్టవు. ఈతొస్తే చాలనుకోవడం అమాయకత్వం!

ఎండా, చలీ రెండూ చూసినవాళ్లు హైదరాబాదీ బి. ఐశ్వర్య, విశాఖ పి. స్వాతి. వీళ్లతో కలిపి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులతో తెరచాప పడవ 'తారిణి' 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, భూమధ్యరేఖ దాటి, దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది.